పెనం గ్రహం

గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు పడింది. ‘పెనం’ అని పెద్ద అక్షరాలు.

“మన కొత్త గేమ్ ఇదే,” అన్నాడు టీమ్ లీడర్. “నీళ్ళు లేని ఎడారి గ్రహం. పేరు పెనం. అక్కడుండేది రెక్కలున్న మనుషులు.”

“ఇంకా నయం, పొయ్యి అని పెట్టలేదు,” అన్నారెవరో. అందరూ నవ్వారు.

పిచ్చుక నవ్వలేదు. ఆ పేరు పెట్టింది తనే. ఏడేళ్ళ వయసులో.

ఆమె ఆ స్టూడియోలో బొమ్మలు గీసే అమ్మాయి. పలచగా, చురుగ్గా ఉంటుందని నాన్న పెట్టిన ముద్దుపేరే ఆఫీసులోనూ స్థిరపడిపోయింది.

లీడర్ పేజీలు తిప్పుతున్నాడు. తెల్లవారుజామున రెక్కలవాళ్ళు చల్లటి బండల మీద రెక్కలు పరుచుకుని పడుకుంటారు. ఈకల మీద పట్టిన మంచే ఆ రోజుకి వాళ్ళ తాగునీరు. చెట్టన్నది లేదు కాబట్టి పిల్లలకు తల్లి రెక్కే నీడ. ఎండ నెత్తికెక్కాక నేల మీద కాలు మోపినవాళ్ళు బతకరు.

అన్నీ తనవే. తనవి, నాన్నవి.

నాన్నది ఆస్పత్రుల్లో ఎక్స్‌రే మిషన్లు బాగుచేసే పని. వారంలో సగం రోజులు క్యాంపులే. ఇంట్లో ఉన్న సాయంత్రాలు మాత్రం పూర్తిగా పిచ్చుకవి. మేడ మెట్ల మీద కూర్చుని ఇద్దరూ ఆ లోకాన్ని కట్టేవారు. నాన్న ఏదీ తనంతట తను చెప్పేవాడు కాదు.

“మరి వాళ్ళకి నీళ్ళెక్కడివే?”

“బావి తవ్వుకుంటారు.”

“ఇసుకలో బావి తవ్వితే పూడిపోదూ?”

“మబ్బుల్ని పట్టుకొచ్చి పిండుకుంటారు.”

“అసలు మబ్బులే లేవుగా! ఇంకా ఆలోచించు. పొద్దున్నే మన కిటికీ అద్దాల మీద ఏముంటుంది?”

అలా అడిగి అడిగి, చివరికి ‘మంచు’ అనిపించేదాకా వదిలేవాడు కాదు. ఆ మాట రాగానే ఎత్తుకుని గిరగిరా తిప్పేవాడు. “నా తల్లే! నీకే తట్టాలి ఇలాంటివి!”

ఆ లోకం సంగతి అమ్మకి కూడా తెలియదు. “ఇది మనిద్దరిదే,” అనేవాడు నాన్న. పిచ్చుక బొమ్మలు గీయడం నేర్చుకున్నదే రెక్కలవాళ్ళ కోసం.

మీటింగ్ అవగానే లిఫ్ట్ పక్కకెళ్ళి ఫోన్ చేసింది.

“నాన్నా, పెనం గురించి ఎవరికి చెప్పావు?”

అటువైపు నాన్న టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

“ఇప్పుడెందుకమ్మా అది?”

“మా కొత్త గేమ్ అదే. ఎవరో రచయిత్రి రాసిందట. మంచుతో సహా మక్కీకి మక్కీ దించేసింది.”

నాన్న గొంతు తగ్గించాడు.

“నేనే ఇచ్చానురా. కథలు రాసుకునే మనిషి. అడిగింది, ఇచ్చేశాను.”

“నన్నొక్క మాట అడగాలనిపించలేదా?”

“తప్పే. తిట్టాలంటే నన్ను తిట్టు. ఆవిడ జోలికి మాత్రం వెళ్ళకు, నీకు పుణ్యముంటుంది.”

ఇచ్చినందుకంటే, ఆవిణ్ణి వెనకేసుకొచ్చినందుకు పిచ్చుకకు ఎక్కువ కోపమొచ్చింది. తనను ఎత్తి తిప్పిన చేతులతోనే తన లోకాన్ని తీసుకెళ్ళి ఎవరికో అప్పజెప్పాడు. బాత్రూమ్‌లోకెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ముఖం కడుక్కుని వచ్చి, ఈ బొమ్మలు తను వేయనని లీడర్‌తో చెప్పేసింది.

అతను తెల్లబోయాడు. “అదేంటి? ఇది రాసినావిడ నువ్వే కావాలని అడిగి మరీ పెట్టించుకుంది!”

ఆ మాటతో ఒళ్ళు మరింత మండింది. దోచుకున్నది చాలక, తన చేతే బొమ్మలు కూడా వేయించుకోవాలా? చిరునామా తీసుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరింది.

రచయిత్రి ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీసినావిడకు ముప్పై అయిదేళ్ళు దాటి ఉంటాయేమో. ఎవరు మీరని అడగలేదు. కుర్చీ మీది కాగితాలు తీసి, “కూర్చోండి,” అంది.

“కూర్చోవడానికి రాలేదు. పెనం నాది. మా నాన్న మెతకతనం చూసి కాజేశారు మీరు.”

“కాజేశానని ఆయన చెప్పారా?”

“ఇచ్చేశానన్నాడు. మిమ్మల్నేమీ అనొద్దని బతిమాలాడు కూడా!”

రచయిత్రి ముఖం వాడిపోయింది. “అలా చెప్పారా...” అని గొణుక్కుంటూ లోపలికెళ్ళి, అట్ట ఊడిపోయిన ఓ నోట్‌బుక్ తెచ్చింది. మధ్యలో ఓ పేజీ తెరిచి పిచ్చుక ముందు పెట్టింది.

పేజీ నిండా రెక్కల మనుషులు. రంగు పెన్సిళ్ళతో దిద్దిన చిన్నపిల్లల గీతలు. ఓ రెక్క పెద్దది, ఓ రెక్క చిన్నది. పక్కన నీలం సిరాతో పెద్దవాళ్ళ దస్తూరి: ‘నీళ్ళెక్కడివి? రెక్కల మీది మంచు!’

ఆ అక్షరాలు గుర్తుపట్టడానికి పిచ్చుకకు క్షణం పట్టలేదు.

“ఇది మా నాన్న రాత! నోట్‌బుక్ కూడా మీకే ఇచ్చేశాడన్నమాట. ఇంకా ఏం బుకాయిస్తారు?”

రచయిత్రి పేజీ పైన, మూలనున్న తేదీ మీద వేలు పెట్టింది.

పిచ్చుక వంగి చూసింది. తను పుట్టడానికి రెండేళ్ళ ముందు తేదీ అది.

“ఈ బొమ్మలు... ఎవరు వేశారు?”

“నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.”

“మరి మా నాన్న రాత ఇందులోకి ఎలా...” పిచ్చుక ఆ నీలం అక్షరాల్ని మళ్ళీ చూసింది.

“‘మా నాన్న’ కాదు,” అంది రచయిత్రి మెల్లగా, “మన నాన్న.”