జేబులో జూకా

భర్త దయాసాగర్ చొక్కా జేబులో రెబెకమ్మకు ఎర్రటి జూకా దొరికింది.

బంగారుదైతే ఆమె అంత భయపడేది కాదు. అది పువ్వు. పైన ఎర్రటి రెక్కలు, కింద ఊదారంగు గౌను, గౌను అంచున వేలాడే సన్నటి పోగులు. ఫ్యూషియా. ఉదయగిరి మొత్తానికి అలాంటి మొక్క ఒక్కటే ఉంది. అది ఆమె వసారాలోనే వేలాడుతోంది.

చొక్కాను బకెట్లో పడేసి వసారాలోకి పరుగెత్తింది. పూలు లెక్కపెట్టింది. పొద్దున పదకొండు. ఇప్పుడూ పదకొండే.

అంటే ఇంకో మొక్క ఉంది. ఇంకో ఇంట్లో.

రెండో జేబులో ఆత్మకూరు బస్సు టికెట్టు దొరికింది.

దయాసాగర్ కొయ్య స్పూన్లు చెక్కుతాడు. నిరుడు కూనూరు ఎగ్జిబిషన్‌కు వెళ్లినప్పుడు ఆ మొక్కను తెచ్చాడు. "చలి ఊరి చెట్టు. నీడన పెట్టు. నీళ్లు కొంచెంగా పొయ్యి" అన్నాడు. రెబెకమ్మ వినలేదు. ఆమె మెట్ట ఊళ్లో పుట్టిన మనిషి. ఆకు వాలిందంటే దాహమే. వాలినప్పుడల్లా చెంబెడు పోసింది. డిసెంబరుకల్లా మొక్క మెడ వాల్చేసింది.

సరిగ్గా అప్పుడే రెబెకమ్మ స్త్రీల సమాజం సభలకని మూడు రోజులు నెల్లూరు వెళ్లింది. అక్కడ మోకరించి మొక్క కోసం ప్రార్థన చేసింది. తిరిగొచ్చేసరికి మొక్క నిటారుగా నిలబడి ఉంది. ఆ ఆదివారమే గుడిలో లేచి సాక్ష్యం చెప్పింది.

"చచ్చిన చెట్టును దేవుడు లేపినాడు!"

సంఘమంతా స్తోత్రం అంది. దయాసాగర్‌కు దగ్గొచ్చింది.

అప్పటి నుంచి ఆమె ఊళ్లో జూకాల రెబెకమ్మ. కుండీ కింద నేల ఎప్పుడూ తడిగా ఉంటే, చెట్టు ఆనందంతో ఏడుస్తోందని చెప్పుకునేది.

ఇప్పుడీ పువ్వు.

"ఆత్మకూరులో స్పూన్లకు గిరాకీ పెరిగినట్టుండాదే అక్కా" అంది గోడ అవతలి నుంచి పక్కింటి సారా. "శనారం శనారం పోతాండాడు బావ."

"పోనీలే. ఎందాక పోతాడో నేనూ చూస్తా."

శనివారం భర్త ఎక్కిన బస్సు కదిలాక, రెబెకమ్మ దాని వెనకొచ్చిన బస్సు ఎక్కింది. ఆత్మకూరు బస్టాండు పక్కనే స్పూన్లు కొనే కొట్టు. కొట్టతను తల కూడా ఎత్తలేదు.

"దయాసాగరా? రేణుకాదేవి మేడమ్ ఇంట్లో ఉంటాడు. ఇయ్యాల శనారం గదా!"

ఆ 'గదా' వినగానే రెబెకమ్మ కొంగు బిగించి ఆ ఇంటి దారి అడిగింది.

ఆ ఇంటి గేటు తీసే ఉంది. లోపలి మనిషి మొహం చూడాలని వచ్చింది. కానీ ముందు మొక్క కనిపించింది. ఇక మనిషి సంగతి గుర్తులేదు.

తడి గోనె పట్టా నీడన, కొమ్మ కొమ్మకూ జూకాలు. ఇరవై దాకా లెక్కపెట్టింది. ముప్పై దగ్గర లెక్క తప్పింది. కుండీ కూడా అచ్చం తన కుండీయే, అదే నీలం రంగు. జత కొన్నాడన్నమాట! దయాసాగర్ గొంతుక్కూర్చుని గోటితో కొసలు గిల్లుతున్నాడు. తన తల ఎప్పుడైనా అంత మెత్తగా నిమిరాడా?

లోపలి నుంచి ఒకావిడ కుర్చీ పట్టుకుని లేచి వచ్చింది. అరవై దాటిన మనిషి.

"ఎవురమ్మా?"

"ఈయన పెండ్లాన్ని."

"రెబెకమ్మవా! రా, కూర్చో."

రెబెకమ్మ కూర్చోలేదు. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏం పోస్తావమ్మా దీనికి?"

"ఏం పోస్తా? వారానికి రెండు గ్లాసుల నీళ్లు. మోకాళ్ల నొప్పి నాకు, మాటిమాటికి లేవలేను."

రెండు గ్లాసులు! రెబెకమ్మ ఒక్క పూటలో పోసేది అంతకన్నా ఎక్కువ. భర్త వైపు తిరిగింది.

"ఏందయ్యా ఇది? నాకేమో ఆ పీనుగు చెట్టు, ఈమెకేమో ఈ మారాణి చెట్టా? మనిషిని తగులుకున్నా ఓర్చుకుందును గానీ, మంచి చెట్టు తెచ్చి ఈడ పెడతావా?"

"మే, నిదానం..."

"ఏసయ్య చూస్తాండాడు. నిజం చెప్పు. చెప్పకపోతే నేనొక్కదాన్నే బస్సెక్కుతా. నువ్వు ఈడనే పడుండు."

దయాసాగర్ లేచాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. రేణుకాదేవి వైపు చూశాడు.

"చెప్పెయ్యి నాయనా" అందామె. "ఎన్నాళ్లని మోస్తావు?"

"అసలు ఆ రోజే చెప్పేసుందును" అన్నాడు దయాసాగర్. "నువ్వు గుడిలో సాక్ష్యం చెప్పేస్తివి. దేవుడి పేరు ఎత్తినాక నేను నోరెట్ట తెరిచేది? కూనూరు నుంచి రెండు తెచ్చినాను మే. నీ చెయ్యి సంగతి తెలిసి ఒకటి మన స్పూన్లు కొనే ఈయమ్మ దగ్గర పెట్టినాను. నువ్వు సభలకు పోయిన మూడు రోజుల్లో స్పూన్ల పెట్టెలో పెట్టి రెండు చెట్లూ అటుదిటు మార్చినాను. కుండీ అడుగున చిల్లులు పెట్టినాను గాబట్టి ఈయమ్మ చెట్టు మనింట్లో ఇంకా బతికుండాది, నువ్వు అప్పుడు కుళ్లబెట్టి ఇప్పుడు చూసి కుళ్లుకుంటుండేది నీ చెట్టునే!"