గురి నిలవని తుపాకీ

గుండు మళ్ళీ ఎడమకే పోయింది. గడ్డివామికి ఆనించిన అట్ట మీద నల్లటి చుక్క చెక్కు చెదరలేదు. దానికి బెత్తెడు దూరంలో కొత్త చిల్లు పడింది.

"నిన్న సాయంత్రం సరిగ్గా కొట్టినావు గదరా," అన్నాడు పద్మనాభయ్య.

రంగనాయకులు ఎయిర్ గన్ దించి, దాని మీది దుర్భిణీ వైపు చూశాడు. "దీంట్లోనే ఏదో ఉండాది నాయనా."

వసారాలో బియ్యం చెరుగుతున్న అతని తల్లి వెంకటశేషమ్మ తలెత్తలేదు.

ఆ తుపాకీ పెద్దకొడుకు మాలకొండయ్య కొన్నది. వాడు పటాలంలో చేరి, చైనా యుద్ధంలో మంచుకొండల మీద పోయాడు. తంతి వచ్చింది గాని మనిషి రాలేదు. కర్మలు ముగిసిన నాటి నుంచి పద్మనాభయ్యది ఒకటే మాట: పెద్దోడి చోట చిన్నోడు నిలబడాలి. చిన్నోడు ఎత్తు చాలక ఒకసారి వెనక్కి వచ్చాడు. నెల్లూరులో జరిగే గురి పోటీలో మొదట నిలిస్తే ఆ కొరత పట్టించుకోనని పటాలంలోకి చేర్చుకునే అధికారి మాట ఇచ్చాడు. ఎవరి తుపాకీ వాళ్ళే తెచ్చుకోవాలి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కనుక ఇంక ఇదే ఆఖరు అవకాశం.

కావలిలో తాళాలు, గడియారాలు, పిట్టల తుపాకులు బాగుచేసే సిలార్ దాన్ని అప్పటికే రెండుసార్లు చూశాడు. మొదట దుర్భిణీని పట్టి ఉంచే మరలు వదులయ్యాయన్నాడు. వాటిని బిగించి, కదలకుండా తలల మీద లక్క కరిగించి పోశాడు. తన దొడ్లో కొట్టి చూస్తే గుళ్ళన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడ్డాయి. ఇంటికి తెచ్చిన మర్నాడే మళ్ళీ ఎడమ. తరువాత స్ప్రింగు అదురుకు లోపలి అద్దం జరుగుతోందేమోనని అంతా విప్పి, తోలు వాషరు మార్చాడు. గుళ్ళు కూడా ఒకే తీరువి ఏరి ఇచ్చాడు. అయినా అంతే.

ఈసారి తనే సైకిలెక్కి ఊరికి వచ్చాడు. ఉప్పుగాలికి ఎక్కడైనా తుప్పు పట్టిందేమోనని గొట్టమంతా తడిమాడు. దుర్భిణీ పక్కన గురిని అటూ ఇటూ జరిపే చిన్న మర ఒకటుంది. దాని మూత ఎప్పుడో పోయింది. ఆ మరను సరైన చోటికి తెచ్చి, పొద్దుగూకేదాకా రంగనాయకుల చేత కొట్టించాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇంక దీన్ని ఎవురూ ముట్టుకోబాకండి. పోటీలోనే బయటికి తియ్యాల," అని తుపాకీని గోడకొయ్యకు తగిలించాడు. మజ్జిగ తాగి లోటా ఇస్తూ, "దిగులు పడబాక వదినా, చిన్నోడు గెలుస్తాడు," అన్నాడు.

వెంకటశేషమ్మ లోటా అందుకుని లోపలికి పోయింది.

పోటీలో మొదటి గుండే ఎడమకు పోయింది. సర్దుకునే వ్యవధి ఇవ్వలేదు. తక్కినవీ దాని వెంటే పోయాయి.

పద్మనాభయ్య తిరుగు ప్రయాణంలో కావలిలో దిగి తిన్నగా సిలార్ కొట్టుకు పోయాడు. నలుగురూ వినేట్టు, నీ పనితనం ఇదా అని నిలదీశాడు. సిలార్ మాట పడే మనిషి కాదు. తప్పు నాదో తుపాకీదో నీ ఇంట్లో, నీ వాళ్ళ ముందరే తేలుస్తానని వాళ్ళతో పాటు బయలుదేరాడు.

వసారాలో చాప మీద కూర్చుని భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. లక్క పగల్లేదు. అద్దం కదల్లేదు. పక్కమర దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

"ఇది జరిగుండాది. దానంతట అది తిరిగే మర కాదే ఇది," అన్నాడు.

రంగనాయకులు గుంజకు ఆనుకుని నేల చూస్తున్నాడు. సిలార్ సూది మొనతో మర గంట్ల సందున గీకి, రాలిన ఎర్రటి పొడిని అరచేతిలో వేసుకున్నాడు.

"కుంకం. ఎవురో బొట్టు పెట్టినారు. వేలితో అదిమితే చాలు, తిరిగిపోతాది."

ఆ ఇంట్లో నాగలికీ, కొడవలికీ, చివరికి కొత్త చేటకూ బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టరు. అందరూ వెంకటశేషమ్మ వైపు చూశారు.

"నేనే," అన్నదామె. "దినామూ తెల్లారి పెడతా ఉండా. వాడికి జయం కలగాలని."

"జయం," అన్నాడు పద్మనాభయ్య. "చచ్చినోడి చోటు కూడా ఖాళీ పెట్టినావు గదే."

తెలియక చేసిందిలే అన్నా అని సిలార్ సర్దబోయాడు. పద్మనాభయ్య వినకుండా లేచి వీధిలోకి పోయాడు. ఆ నాటి నుంచి భార్యతో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తినడం మానేసి, కుండలో అన్నం తనే పెట్టుకునేవాడు. వెర్రి భక్తితో కొడుకు బతుకు చెడగొట్టిందని ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె వినేట్టే చెప్పుకున్నారు.

రంగనాయకులు సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో కట్టె కొట్టించే పనికి కుదిరాడు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నాయన నిన్ను ఇట్లా..."

"ఆయన కోపం నా మీదే ఉండనీ నాయనా. రా, అన్నం తిందువు."

కొడుకు దొంగచాటుగా మర తిప్పడం చూసిన తరువాతే ఆమె దానికి బొట్టు పెట్టింది.