తిరగని విమానం

"తిరగలేదు" అన్నాడు, విమానాన్ని పరీక్షించి దిగిన సైనికాధికారి.

ఇంజను రొద ఇంకా అణగలేదు. షెడ్డులో అందరికీ అది "తిరుగులేదు" అని వినిపించింది. చప్పట్లే చప్పట్లు. వెల్డరు ఏకంగా ఈల వేశాడు. డిజైనరును భుజాలకెత్తుకున్నాక గానీ ఎవరూ అధికారి మొహం చూడలేదు. చూసినా లాభం లేదు. యూనిఫాంతో పాటు మొహాన్నీ ఇస్త్రీకి వేస్తాడని ఆయనకు పేరు.

"తిరగలేదు" అన్నాడాయన మళ్లీ, విడమరిచి. "ఎంత తిప్పినా."

డిజైనరును కిందికి దించారు. ఎత్తినంత జోరుగా ఎవరూ దించరు గదా.

గాలిలో వేగం చచ్చిన విమానం బొంగరంలా గిరగిరా తిరుగుతూ నేలకేసి పడిపోతుంది. కుర్ర పైలట్లు శిక్షణలో దాన్ని కావాలనే అలా తిప్పి, మళ్లీ దారికి తెచ్చుకోవడం నేర్చుకోవాలి. ఈ తొలి నమూనా శిక్షణ విమానం మాత్రం తిరగనని మొరాయించింది. తిరగకూడదనే చేశాడు డిజైనరు. ఇందులో నేర్చుకోబోయే మొదటి జట్టులో ఆయన కొడుకున్నాడు.

"తిరగకపోతేనే గదండీ పిల్లలు తిరిగొచ్చేది" అన్నాడు.

"ఇలాగైతే సంతకం పెట్టను."

సంతకం లేకపోతే విమానం తుక్కులోకి, షెడ్డు తాళంలోకి. పెద్ద వడ్రంగి బతిమాలాడు. వెల్డరు గొణిగాడు. అధికారి ఎవరినీ కసరలేదు, ఎవరినీ ఓదార్చలేదు. గోడకు చెబితే గోడ విన్నట్టు విన్నాడు. అది చూసి డిజైనరుకు ఒళ్లు మండింది.

"మీ ఇంట్లో ఓ కుర్రాడుంటే తెలిసేది సార్."

అధికారి బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుని తిన్నగా తోక దగ్గరికి నడిచాడు. వంగి, కింద చెయ్యి పెట్టి తడిమాడు. రంగులో కలిసిపోయిన రెండు సన్నటి రేకు పట్టీలు అక్కడున్నాయి. విమానాన్ని తిరగనివ్వనివి అవే. ఆ సంగతి డిజైనరు బయటివాళ్లెవరికీ చెప్పలేదు.

"అవి అక్కడున్నాయని మీకెలా తెలుసు?"

అధికారి స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతూ, రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

"మావాడు నేర్చుకున్న విమానానికీ ఇక్కడే ఉండేవి. మంచి విమానం, ఒక్కసారి కూడా తిరగలేదు. తర్వాత యుద్ధవిమానం తిరిగింది. ఏం చెయ్యాలో వాడికి తెలియలేదు."