రొయ్యపొట్టు క్రీము

కొత్త సీసా మూత తియ్యగానే పార్లరమ్మ ముఖం వెలిగిపోయింది.

రొయ్యల పొట్టులోంచి తీసిన సరుకేదో ఇందులో ఉందట. పేరు కైటోసాన్ అట. తలకి రాసినా, ముఖానికి రాసినా పట్టులా మెరుస్తుందని సీసా అమ్మినతను ఊదరగొట్టి పోయాడు.

మొదట ఎవరికి రాద్దామా అని చూస్తుంటే, తలుపు తోసుకుని ఒక ముసలావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, నాలుగడుగులకే ఆయాసం. తల రుద్దించుకోవాలంది, అంతే.

పార్లరమ్మ ఆమెను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, సీసా గొప్పలు మొదలుపెట్టింది.

ముసలావిడ గబుక్కున లేచి కూర్చుంది.

"అది నాకొద్దమ్మా. నువ్వు కూడా ముట్టుకోకు."

"రొయ్యపొట్టు రాస్తే మీసాలు మొలుస్తాయని భయమా మామ్మగారూ?"

పక్క కుర్చీల్లో వాళ్లు నవ్వారు. ముసలావిడా నవ్వింది గానీ పట్టు విడవలేదు. మామూలు షాంపూ చాలంది. పార్లరమ్మ సీసా పక్కన పెట్టి గోరువెచ్చని నీళ్లు పోసింది.

చేతులు కదిలితే పార్లరమ్మ నోరు ఊరుకోదు. వచ్చినవాళ్లందరికీ చెప్పే కథే ఈవిడకూ చెప్పింది.

నాలుగేళ్లప్పుడే అమ్మ పోయింది. ముఖం కూడా గుర్తులేదు. గుర్తున్నవల్లా చేతులే. చెవిలో నురగ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, కణతల దగ్గర మెల్లగా రుద్దుతూ తలంటిన చేతులు. సబ్బు వాసన వేసే చల్లని చేతులు. ఎంత దిగులుగా ఉన్నా అవి తలుచుకుంటే ప్రాణం కుదుటపడుతుంది. అమ్మంటూ తనకు మిగిలింది ఆ జ్ఞాపకమొక్కటే. ఈ పని నేర్చుకున్నదీ అందుకే.

"అంతా మా అమ్మ చేతి చలవే మామ్మగారూ."

ముసలావిడ కళ్లు మూసుకుంది.

"అవునమ్మా, మీ అమ్మ చలవే" అంది.

వెళ్లేముందు పార్లరమ్మ చేతులు రెండూ పట్టుకుని, ఆ సీసా జోలికి పోవద్దని మళ్లీ చెప్పింది. పెద్దవాళ్ల చాదస్తం అనుకుంది పార్లరమ్మ.

ఆ సాయంత్రమే ఇద్దరికి ఆ క్రీము రాసింది. రాయించుకున్నవాళ్లు నిక్షేపంలా ఉన్నారు. ఈమె చేతులే మోచేతుల దాకా దద్దుర్లు తేలి ఉబ్బిపోయాయి.

ముసలావిడకు ముందే ఎలా తెలిసింది? అడుగుదామని రోజూ గుమ్మం వైపు చూసింది. ఆమె మళ్లీ రాలేదు.

వచ్చింది పెద్దమ్మ. అమ్మ పోయాక పార్లరమ్మను పెంచి పెద్దచేసింది ఆవిడే. అమ్మతో పాటు రొయ్యల షెడ్డులో పనిచేసినావిడ పోతే, సాగనంపి వస్తున్నానంది. పార్లరమ్మ చేతులు చూసి ఉలిక్కిపడింది.

"రొయ్య తగిలిందా? చిన్నప్పుడూ నీకిలాగే అయ్యేది. అందుకేగా మా ఇంటికి రొయ్య రానివ్వలేదు."

"అమ్మ రోజూ రొయ్యలు వలిచేది కదా పెద్దమ్మా?"

"అదే దాని ఏడుపు. చేతులెంత తోముకున్నా, మీ అమ్మ ముట్టుకుంటే నీ ఒళ్లంతా దద్దుర్లే. పని మానేద్దామంటే ఇంట్లో పొయ్యి వెలగదు. దూరంగా కూర్చుని నిన్ను చూసుకునేది, అంతే."

పార్లరమ్మ ఉబ్బిన తన చేతుల వైపు చూసుకుంది.

"మరి నాకు తలంటిందెవరు?"

"ఇప్పుడు నేను సాగనంపి వస్తున్నావిడే. ఒంటి మనిషి. రొయ్య అంటిన చేతులతో నిన్ను ఎత్తుకోలేనని, వలిచే పని వదిలేసి బట్టలుతికే పనికి మారింది" అని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "మొన్న నీచేత తల రుద్దించుకొచ్చానని పోయేదాకా అందరికీ చెప్పుకుని మురిసిపోయిందట."