గేటు దాకా

కాలు తీస్తే చాలు, ఇంజిన్ చచ్చిపోతోంది.

యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ ఆ పొడవాటి ట్రెయిలర్ లారీ షెడ్డు రేకులు అదిరేలా అరుస్తుంది. కాలు ఎత్తగానే మీటర్లో ముల్లు కిందా మీదా ఊగుతుంది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది.

"ఇవాళ ఇది బయటికి పోవాల్సిందే. ఏం చేస్తావో నాకు తెలీదు," అన్నాడు యజమాని.

"పోతుంది," అంది మెకానిక్. ఆ షెడ్డులో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. "కానీ మిగతా బండ్లన్నీ దీని వెనకే లైన్లో పెట్టించండి. ఇది ముందు కదలాలి. రోడ్డెక్కేదాకా నేనే నడుపుతా. మీ కొత్త డ్రైవర్లకి దీని తిక్క తెలీదు."

యజమాని ముఖం విప్పారింది. ఈ సమ్మె మొదలయ్యాక ఒక మనిషి తనంతట తానుగా ముందుకు రావడం ఇదే మొదటిసారి.

ఇలాంటి జబ్బే ఉన్న ఇంకో లారీ ఆమధ్య ఓ మలుపులో ఉన్నట్టుండి ఆగిపోయి గోడను గుద్దింది. డ్రైవరు కాలు నుజ్జయింది. నిద్రపోయి గుద్దాడని నింద వేసి, అతన్ని ఆస్పత్రిలో ఉండగానే పనిలోంచి తీసేశారు. అతన్ని మళ్ళీ తీసుకోవాలనీ, బండ్లన్నీ బాగుచేయించాలనీ, అప్పటిదాకా స్టీరింగ్ ముట్టబోమనీ డ్రైవర్లంతా గేటు ముందు బైఠాయించారు. పోలీసులు వచ్చి వాళ్ళను ఎత్తి రోడ్డవతల పడేశారు. ఇంకోసారి గేటుకి అడ్డం కూర్చున్న మనిషిని నేరుగా లోపలేస్తామన్నారు.

వాళ్ళ నాయకుడు అక్క సొంత తమ్ముడు.

సంగతి తెలిసి అతను షెడ్డు పక్క కంచె దగ్గరికి వచ్చాడు. వైర్లను రెండు చేతులతో పట్టుకుని, "నిజమేనా అక్కా?" అన్నాడు.

"పనిలో ఉన్నాను."

"ఆస్పత్రిలో ఉన్నవాడు నీ దగ్గరే కదే బండి నేర్చుకుంది! ఆ కాలు చూసొచ్చి కూడా వీళ్ళకి పని చేస్తున్నావా?"

"చేస్తున్నాను."

"అయితే ఇవాళ్టితో నాకు అక్క లేదనుకుంటా."

ఆమె చేతిలో స్పానర్ ఒక్క క్షణం ఆగింది.

"అనుకో. కాస్త పక్కకి జరుగు, వెలుతురు పడట్లేదు."

అతను కంచెను ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయాడు.

ఇంతకు ముందు చూసినవాళ్ళు సెన్సార్లన్నీ మార్చేశారు. ఆమె వాటి జోలికి పోలేదు. డాష్‌బోర్డు కింద దూరి, ఇంజిన్ కంప్యూటర్ పెట్టెను బయటికి లాగింది. ముందద్దం రబ్బరు చిట్లి, వాననీళ్ళు సన్నగా దాని మీదికే కారుతున్నాయి. వైర్లు దిగే చోట పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. ఎర్తు వైరు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

చిలుము గీకింది. బ్రష్షుతో కడిగి ఆరబెట్టింది. కొత్త ఎర్తు వేసింది. స్కానర్ తగిలించి, కంప్యూటర్లో నమోదైన పాత తప్పులన్నీ చెరిపేసి తాళం తిప్పింది.

కాలు ఎత్తింది. ముల్లు ఒక్కసారి వణికి, ఉన్నచోటే నిలబడిపోయింది. ఇంజిన్ కడుపు నిండిన పసిబిడ్డలా సన్నగా గురక పెట్టసాగింది.

"శెభాష్!" అన్నాడు యజమాని. "నీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నాకు సమ్మెల బెడదే ఉండదు."

"ఇంకో నలుగురుంటే మీరు తట్టుకోలేరు సార్," అంది.

ఆయన పగలబడి నవ్వాడు.

లారీ కదిలింది. సరుకు నిండిన బండ్లన్నీ వెనకే వరసకట్టాయి. ఆ గేటు ఇరుకు. రెండు స్తంభాల మధ్య నుంచి, కాలు దాదాపు ఎత్తేసి, అంగుళం అంగుళం జరుపుకుంటూ తిప్పాలి. ఐడ్లింగ్ నిలవక, కాలు ఎత్తగానే ఆగిపోయే బండితో అయ్యే పని కాదు.

రోడ్డవతల నుంచి కేకలు మొదలయ్యాయి. "సిగ్గులేదా!" "తమ్ముణ్ణి ముంచుతావా!" చెప్పు ఒకటి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. ఆమె తల తిప్పలేదు. తమ్ముడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

లారీ తల గేటు దాటింది. ట్రెయిలర్ స్తంభాల మధ్య ఏటవాలుగా ఉండగా చప్పుడు ఠక్కున ఆగిపోయింది. బ్రేకుల్లో గాలి బుస్సుమంటూ పోయి, చక్రాలు బిగుసుకున్నాయి. వెనక బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"మళ్ళీ చచ్చిందా?" అంటూ యజమాని పరిగెత్తుకొచ్చాడు. "బాగుచేశానన్నావుగా!"

ఆమె డాష్‌బోర్డు కిందికి వంగింది. సమ్మెవాళ్ళు ఈలలు వేసి, పడీపడీ నవ్వారు.

కాసేపటికి కిందికి దిగింది. తుడుచుకునే గుడ్డలో ఏదో చుట్టి పట్టుకుని, గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసుల మధ్య నుంచి తాపీగా రోడ్డు దాటి, అవతల కూర్చున్న తమ్ముడి ముందు నిలబడింది. అతను అప్పటికీ ముఖం ఇటు తిప్పలేదు.

"ఇదుగోరా దాని కంప్యూటరు, ఇది లేనిదే ఆ బండి గేటుకి అడ్డు తొలగదు, మన మాట నెగ్గేదాకా భద్రంగా దాచు," అంటూ ఆ మూటను తమ్ముడి ఒళ్ళో పెట్టింది.