చొక్కా చరణం

"రెండో వరస, చివరి కుర్చీ. బట్టతల, కళ్ళజోడు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు," అన్నాడు బడే మియా, తెర సందులోంచి చూస్తూ.

అమలమ్మ అటు చూడలేదు. గ్లాసులో మిగిలిన వేణ్ణీళ్ళు తాగేసింది.

"పెన్సిలు కూడా తెచ్చుకున్నాడు చెల్లెమ్మా."

"చాల్లే భాయ్. డోలక్ బిగించుకో."

ఆయన పేరు దుర్గాప్రసాద్. కవి వెంకటప్పయ్యగారి కొడుకు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, బర్మా ఎగువన కొండల్లో ఏటి ఇసుకలో బంగారం దొరుకుతోందని కృష్ణా జిల్లా నుంచి జనం ఓడలెక్కి పోయారు. ఆ కూలీల మీద వెంకటప్పయ్యగారు మేస్త్రీ. బంగారం కోసం వెళ్ళి జ్వరాలతో పోయినవాళ్ళ మీద, పిసరంత రేణువు కోసం పొడుచుకున్నవాళ్ళ మీద పాటలు ఉన్న ఆయన పుస్తకం 'బంగారుటేరు'. ఆయన వేసింది ఆ ఒక్క పుస్తకమే. బెజవాడలో పాతతరం వాళ్ళకి ఇప్పటికీ నోటికి వచ్చు.

అమలమ్మ గుణదలలో చిన్నబడి టీచరు. ఆరేళ్ళుగా సెలవురోజుల్లో ఆ పాటలు ఊరూరా పాడుతోంది. వెనక డోలక్ బడే మియాది. మైలవరంలో పాడినప్పుడు వాన మొదలైనా జనం లేవలేదు.

నెల కిందట ఉత్తరం వచ్చింది. "మా నాన్నగారి పుస్తకంలో లేని చరణాలు మీరు పాడుతున్నారని తెలిసింది. ఆదివారం విజయవాడ సభకు వస్తాను. విన్నాక మాట్లాడదాం." అంతే. కింద సంతకం.

ఉత్తరంలో అబద్ధమేమీ లేదు. అమలమ్మ ఆ పాటలు పుస్తకం చూసి నేర్చుకోలేదు. వాళ్ళమ్మ తెరేసమ్మ పాడుతుంటే పట్టుకుంది. తెరేసమ్మ బర్మాలో వెంకటప్పయ్యగారింట్లో వంట చేసేది, అంట్లు తోమేది, బట్టలు ఉతికేది. బాంబులు పడ్డాక అందరితోపాటు అడవులగుండా నడిచి వచ్చేసింది. అక్షరం ముక్క రాదు. రెండేళ్ళ కిందట కన్నుమూసేదాకా బియ్యం ఏరుతూ, పొయ్యి ఊదుతూ పాడుతూనే ఉండేది.

"ఇవాళ్టికి పుస్తకంలో ఉన్నట్టు పాడెయ్," అన్నాడు బడే మియా. "ఆయన వద్దన్నాడంటే రేపట్నుంచి మనల్ని ఏ సభకీ పిలవరు. కోర్టుకెక్కినా ఎక్కుతాడు."

"నేనూ అదే అనుకుంటున్నా."

తెర లేచింది.

మొదటి రెండు పాటలూ పుస్తకంలో ఉన్నట్టే పాడింది. నోరు ఒక మాట అనబోతే ఆపి ఇంకో మాట అంది. చరణం అయినప్పుడల్లా కళ్ళు రెండో వరసకే పోతున్నాయి. దుర్గాప్రసాద్ పేజీలు తిప్పుతున్నారు. పెన్సిలు కదల్లేదు.

మూడోది ఒకే గుడిసెలో ఉన్న ఇద్దరు స్నేహితుల పాట. ఒకడు ఏదో దాచుకుని, అడిగితే చూపించకుండా మాట దాటేస్తుంటాడు. బంగారమేనని రెండోవాడి అనుమానం. మొదటివాడు జ్వరంతో పడిపోతే, దాచింది ఎక్కడో చెబితేనే నీళ్ళిస్తానంటాడు. చెప్పకుండానే వాడు పోతాడు. గుడిసె నేలంతా తవ్వినా ఏమీ దొరకదు. పుస్తకంలో పాట అక్కడితో అయిపోతుంది.

బడే మియా ముగింపు దెబ్బకి చెయ్యెత్తాడు.

అమలమ్మ మాత్రం ఆగలేకపోయింది. ఇక్కడ ఆపేస్తే చచ్చినవాడు దొంగగానే మిగిలిపోతాడు. అమ్మ ఎన్నడూ ఇక్కడ ఆపలేదు. డోలక్ లేకుండానే గొంతెత్తింది.

సచ్చినోడి సొక్కా ఉతికితే
జేబులోంచి ఇసుక రాలె,
ఇసుక వెంట చేతిలోకి
ఇంటి తాళపుచెవి జారె.

హాల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. రెండో వరసలో పెన్సిలు కదిలింది.

ఆ తర్వాత చప్పట్లు మోగాయట. అమలమ్మకి వినపడలేదు.

సభ అయిన పది నిమిషాలకు దుర్గాప్రసాద్ తెర వెనక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. బడే మియా లేచి తన కుర్చీ ఇచ్చి, అమలమ్మ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆ చొక్కా చరణం పుస్తకంలో లేదు," అన్నారాయన.

"లేదండీ. మా అమ్మ పాడేది."

"తెరేసమ్మగారు."

అమలమ్మ ఉలిక్కిపడింది. "మీకు గుర్తుందాండీ?"

"నేను పుట్టింది అక్కడే. పదకొండేళ్ళ దాకా ఆవిడ చేతి అన్నమే తిన్నాను."

అమలమ్మ చేతులు జోడించింది. "పాడొద్దంటే ఇవాళ్టితో మానేస్తానండీ. మా అమ్మ కవిగారి పాటల్ని పాడుచేసిందని మాత్రం ఎవరితోనూ అనకండి. చదువురాని మనిషి. ఎక్కడైనా తన మాట కలిసిపోయిందేమో, నాకు తెలీదు."

ఆయన ఒళ్ళోని పుస్తకం బల్ల మీద పెట్టారు. తీరా చూస్తే అది అచ్చు పుస్తకం కాదు. రంగు మారిన నోట్‌బుక్. లోపలంతా చేతిరాత.

"మా నాన్నగారి రాత. ఆయన పెట్టెలో ఈ మధ్యే దొరికింది," అంటూ ఒక పేజీ తీసి చూపించారు.

చొక్కా చరణం ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. దాని మీద అడ్డంగా ఎర్రసిరా గీత. పక్కనే ఇందాకటి పెన్సిలు గుర్తు.

"అచ్చుకిచ్చేటప్పుడు ఇలాంటివి పద్నాలుగు కొట్టేశారు," అన్నారు.

అమలమ్మ ఆ చరణం మీద వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. నెల రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే మా అమ్మ తనది ఏమీ కలపలేదన్నమాట. కవిగారి దగ్గర సరిగ్గానే విని నేర్చుకుంది."

దుర్గాప్రసాద్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. తల మాత్రం ఎత్తలేదు.

"విన్నది మీ అమ్మ కాదమ్మా, మా నాన్న."