ఒరిగితే ఆరిపోయే స్టవ్వు

"ఒక స్టవ్వు చూపిస్తావా బాబూ?" అన్నాడు పెద్దాయన, కొట్టు మెట్టు మీద గొడుగు ముడుస్తూ.

రేకు కత్తిరిస్తున్న ఇమాముద్దీన్ తలెత్తాడు.

"ఏ స్టవ్వండి?"

"అదే, ఒరిగితే ఆరిపోతుందట కదా."

పెద్దాయన అరచేతిని గాల్లో నిలబెట్టి, మెల్లగా పక్కకి ఒరిగించి చూపించాడు.

ధర మాత్రం అడగలేదు.

అరవై ఎనిమిదో సంవత్సరంలో తెనాలి బజారులో ధర అడగకుండా వస్తువు చూపించమన్న మనిషి లేడు. అట్లపెనానికి కూడా అరగంట బేరమాడే ఊరది.

కొట్లో కూర్చున్న రత్తాలు కూడా ఆ సంగతి కనిపెట్టింది. రత్తాలు రేపల్లె రైల్లో చేపలు తెచ్చి అమ్ముకుంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీ బుట్టలో ఇమాముద్దీన్ చేసిన స్టవ్వులు పెట్టి, పైన తడిగోనె కప్పుకుపోయి అక్కడ అమ్ముతుంది. ఆ వాసన దాటి బుట్టలోకి తొంగిచూసే మొనగాడు ఆ రైల్లో లేడు.

స్టవ్వులు ఇలా ముసుగేసుకుని ప్రయాణం చేయడానికి కారణం ఉంది.

కిందటేడు కిరసనాయిలు స్టవ్వు దొర్లి ఇమాముద్దీన్ భార్య జానీ బీ చెయ్యి కాలింది. ఆ బొబ్బలు మానేలోపు ఇమాముద్దీన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. స్టవ్వు ఒరిగితే చాలు, వత్తుల మీద రేకు మూత టప్పున పడి మంట ఆరిపోతుంది.

పేటలో ఆడవాళ్ళంతా మాకంటే మాకన్నారు. అది విని, స్టవ్వులు చేసే పెద్ద కంపెనీ ఒక మనిషిని పంపింది.

"ఈ మూత మీద మా కంపెనీకి పేటెంటుంది. నువ్వు చేయకూడదు," అన్నాడు కంపెనీ మనిషి.

"పేటెంటంటే ఏంటండి?"

"ఈ ఉపాయం మాదేనని సర్కారు ఇచ్చిన హక్కు."

"మరి మీ స్టవ్వులకి మూతేదండి?"

"మేం పెట్టం."

"అదేంటండి?"

"ఇప్పుడు పెడితే, ఇన్నాళ్ళూ అమ్మినవి ప్రమాదమని ఒప్పుకున్నట్టు కాదూ?"

తలుపు చాటు నుంచి జానీ బీ అంది: "మీరు చేయరు, చేసేవాళ్ళని చేయనివ్వరు. మేం కాలిపోవాలా బాబూ?"

అది తన శాఖ కాదన్నాడు కంపెనీ మనిషి. ఇంకొకటి చేసినట్టు తెలిస్తే కోర్టేనని కూడా అన్నాడు.

అప్పట్నుంచి, కొనేవాళ్ళ వేషంలో కంపెనీ మనుషులు వస్తారని ఇమాముద్దీన్‌కి భయం.

"మూత బరువుకి పడుతుందా, స్ప్రింగు పెట్టావా?" పెద్దాయన ఆశగా అడిగాడు.

రత్తాలు ఇమాముద్దీన్ చెవి దగ్గరికి వంగింది.

"సాయిబన్నా, బేరమాడట్లేదంటే కొనేవోడు కాదు. కంపెనీవోడే."

ఆ వెంటనే గొంతు పెంచింది.

"స్టవ్వులేంటి బాబాయ్, ఇది గరాటాల కొట్టు. కావాలంటే ఓ గరాటా పట్టుకెళ్ళు."

"అది కాదమ్మా. ఒక్కసారి వెలిగించి, పడేసి చూపిస్తే చాలు. నేనెవర్నంటే..."

"నువ్వెవరైతే మాకేంటి? నా రైలుకి టైమైంది, నువ్వు బయల్దేరు."

"అలాంటి స్టవ్వు తెనాలిలో ఎవరూ చేయరండి," అన్నాడు ఇమాముద్దీన్, స్టవ్వులున్న గోనెసంచిని కాలితో వెనక్కి నెడుతూ.

లోపల ఆ స్టవ్వు మీదే టీ మరుగుతోంది. వాసన అందరికీ వస్తోంది. పెద్దాయనకి మాత్రం ఎవరూ పోయలేదు.

"అలాగా," అన్నాడాయన. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

"ముసలాడి నాటకం చూశావా!" అంది రత్తాలు.

ఇంత జాగ్రత్తపడినా కోర్టు నోటీసు రానే వచ్చింది.

ప్లీడరు నరసింహం అది చదివి బల్ల గుద్దాడు.

"ఎంత అన్యాయమయ్యా! చేయడానికి కొన్న పేటెంటు కాదిది, ఎవర్నీ చేయనివ్వకుండా ఉండటానికి కొన్నది!"

"దారి లేదాండి?"

"ఉంది. హక్కు దగ్గర పెట్టుకుని సరుకు చేయకపోతే, నాకు లైసెన్సు ఇప్పించండని నువ్వు సర్కారుని అడగొచ్చు. కానీ రేపు చేస్తాం, ఎల్లుండి చేస్తాం అంటారు వాళ్ళు. దీన్ని కనిపెట్టి వాళ్ళకి అమ్మినాయన బాపట్లలో ఉన్నాడు, వెంకట్రామయ్య అని. దేశమంతా అమ్ముతామని మాటిచ్చి కొని, బీరువాలో పెట్టి తాళం వేశారట. ఆ ముక్క ఆయన నోటితో చెబితే నువ్వు గెలిచినట్టే. స్టవ్వొకటి పట్టుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడు."

ఇమాముద్దీన్ స్టవ్వు చంకన పెట్టుకుని బాపట్ల వెళ్ళాడు. మాట్లాడటానికి రత్తాలుని తోడు తీసుకెళ్ళాడు.

వెంకట్రామయ్య భార్య తలుపు తీసింది.

"ఒరిగితే ఆరిపోయే స్టవ్వు కేసులో అయ్యగారు మా తరఫున సాక్ష్యం చెప్పాలమ్మా," అంది రత్తాలు.

"సాక్ష్యమా తల్లీ? పక్షవాతం వచ్చి ఆయనకి మాట పడిపోయింది."

ఆవిడ పక్కకి తప్పుకుని లోపలికి దారిచ్చింది.

"ఆ స్టవ్వు ఎక్కడైనా ఒక్కచోట వెలిగితే చూడాలని ఆయన ఆశ," అందావిడ. "తెనాలిలో ఎవరో చేస్తున్నారని, వాళ్ళని కంపెనీ ఏడిపిస్తోందని విన్నారు. 'వాళ్ళ పక్కన నిలబడతానే' అని పరుగున వెళ్ళారు. సాయంత్రానికి తిరిగొచ్చి, 'ఉత్త పుకారే, అక్కడ ఎవరూ చేయడం లేదుట' అని పడుకున్నారు. తెల్లారేసరికి మాట లేదు."

ఇద్దరూ ఆవిడ వెనకాలే గదిలోకి వెళ్ళారు.

గదిలో గోడకి గొడుగు వేలాడుతోంది.

మంచం మీద మనిషి ఇమాముద్దీన్ చంకలో ఉన్న స్టవ్వు వంక చూశాడు. పడిపోకుండా మిగిలిన ఆ ఒక్క చెయ్యి పైకి లేచి, గాల్లో నిలబడి, మెల్లగా పక్కకి ఒరిగింది.